ఒక్క ఫిర్యాదూ రాని ఊరు

కొత్తగా బి.డి.ఎస్. పూర్తి చేసి, క్లినిక్ పెట్టబోతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కావలిలో ముప్పై నాలుగేళ్ళు పళ్ళు పీకినవాడిని కదా, నాలుగు మాటలు చెబుతానని వాళ్ళ ఆశ. వచ్చిన ప్రతివాళ్ళూ అడిగేవి ఒకే రకం ప్రశ్నలు. బోర్డు ఎంత సైజు పెట్టాలి సార్? ఇన్‌స్టాలో రోజుకో వీడియో పెట్టమంటారా? మొదటి నెల కన్సల్టేషన్ ఫ్రీ అంటే మంచిదా, స్కేలింగ్ ఫ్రీ అంటే మంచిదా? నోట్లోకి ఎలా చూడాలి అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అది కాలేజీలో నేర్చేసుకున్నామని వాళ్ళ నమ్మకం. నేనూ అలాగే నమ్మాను.

నాకు సహజంగానే అనుమానం ఎక్కువ. ఎవరైనా పిలిచి కాఫీ ఇస్తే గ్లాసులోకి తొంగి చూసి గానీ తాగనని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. ఈ వృత్తికి ఆ గుణం పనికొస్తుందనే చెబుతాను. కానీ అది ఎటు తిరిగి ఉండాలో తెలియక నేను చేసిన తప్పు ఒకటుంది. దాన్ని ఏ సన్మాన సభలోనూ చెప్పలేదు. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పన్ను ఎక్కడికీ పోదు

చదువు అయ్యాక నెల్లూరులో ఒక సీనియర్ డాక్టర్ దగ్గర మూడేళ్ళు పనిచేశాను. మహా కోపిష్టి. నర్సు చేతిలో ట్రే కాస్త చప్పుడైతే చాలు, ఆ పూటకి అందరికీ మూడినట్టే. ఆయన దగ్గర నేను నేర్చుకున్న పెద్ద విద్య, పేషంట్ పన్ను చూపిస్తే పన్ను చూడకపోవడం.

"పన్ను ఎక్కడికీ పోదయ్యా. అది గట్టిది, ఆడనే ఉంటుంది. ముందు మెత్తంది చూడు," అనేవాడు.

మెత్తనిదంటే నాలుక, బుగ్గల లోపలి వైపు, అంగిలి, నాలుక కింద. నాలుక కొసను గాజుగుడ్డతో పట్టుకుని బయటికి లాగి, రెండు అంచులూ చూడాలి. చూస్తే సరిపోదు, వేలితో తడమాలి. పుండు మెత్తగా ఉందా, అంచు గట్టిపడిందా అన్నది కంటికి తెలియదు, వేలికి తెలుస్తుంది. ఏ పుండైనా దాని కారణం తీసేశాక రెండు వారాలకు మానాలి. మానకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే.

ఇంకో మాట కూడా చెప్పాడు. పేషంట్ నోటితో చెప్పేది నమ్మొద్దని. నిజమే, మా దగ్గర అబద్ధమాడని మనిషి ఉండడు. ఎర్రగా తుప్పు పట్టినట్టున్న పళ్ళు పెట్టుకుని "ఖైనీ ఎట్టుంటదో కూడా తెలీదు సార్" అంటారు. రోజుకు రెండుసార్లు తోముతామంటారు. ఆ అబద్ధాలకు నేనెప్పుడూ బాధపడలేదు. కుర్చీలో వెల్లకిలా పడుకుని నోరు తెరిచిన మనిషి భయపడి ఉంటాడు, భయపడినవాడు ఏదో ఒకటి అంటాడు. నన్ను ముంచింది వాళ్ళ అబద్ధం కాదు, వాళ్ళ మర్యాద.

రొయ్యల మేత అమ్మినవాడి పాఠం

ఇరవై ఏళ్ళకు పైగా నా క్లినిక్‌కు ప్రచారం అవసరం రాలేదు. ఆ తర్వాత కావలిలో ఒకదాని పక్కన ఒకటి అద్దాల క్లినిక్‌లు లేచాయి. లోపల ఏసీ, గోడకు టీవీ, బయట తెల్లటి పళ్ళతో నవ్వుతున్న అమ్మాయి బొమ్మ. నా క్లినిక్‌లో ఫ్యాను కింద బెంచీలు ఖాళీగా ఉండేవి. పదకొండు గంటలకే పేపర్ చదవడం అయిపోయేది. ఆ ఖాళీ బెంచీలను చూస్తే అవమానంగా ఉండేదని ఒప్పుకుంటున్నాను. నాకంటే పని తక్కువ తెలిసినవాళ్ళ దగ్గర జనం నిలబడి ఉంటే ఎవరికైనా కడుపు మండుతుంది.

అప్పుడే మురళి వచ్చాడు. నలభై దాటిన మనిషి, మాటకారి. అంతకుముందు పదేళ్ళు రొయ్యల చెరువులకు మేత అమ్మే కంపెనీలో పనిచేశాడు. చెరువుల పని తగ్గాక క్లినిక్‌లకు మార్కెటింగ్ చేసిపెడతానని తిరుగుతున్నాడు.

"రైతు దగ్గరికి ఒక్కొక్కడి దగ్గరికీ పోతే చెప్పులరిగిపోతాయి డాక్టర్ గారూ," అన్నాడు మొదటి రోజే. "ఊళ్ళో ఎవరి మాట చెల్లుతుందో ఆయన్ని ఒక్కడ్ని పట్టుకోవాల. ఆయన మన మేత వేసినాడంటే చుట్టుపక్కల చెరువులన్నీ మనయ్యే. పళ్ళయినా అంతే."

అందరినీ అనుమానించే నేను ఇతన్ని మాత్రం అనుమానించలేదు. అనుమానం జబ్బున్న మనుషుల్లో ఇదొక చిత్రం. అందరినీ అనుమానిస్తాం, మనకు లాభం తెచ్చేవాడిని మాత్రం నెత్తిన పెట్టుకుంటాం.

బోగోలు అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊరిని మురళి ఎంచుకున్నాడు. ఊరి పేరు రాయను. అంతా వేట మీద బతికేవాళ్ళు. తుఫాను షెల్టర్‌లో ఉచిత దంత వైద్య శిబిరం పెట్టాం. బ్రష్షులు, పేస్టులు పంచాం. నా క్లినిక్ పేరు పెయింట్ చేయించి ఊరికి ఒక మైకు సెట్టు కూడా బహుమతిగా ఇప్పించాడు. మైకు సెట్టుకూ పళ్ళకూ సంబంధమేమిటని అడిగాను.

"ఉంటుంది సార్, చూస్తా ఉండండి," అన్నాడు.

పోలయ్య పన్ను

ఆ ఊళ్ళలో పెద్దలను కాపులంటారు. అది కులం పేరు కాదు, పెద్దరికం పేరు. వేటకు ఎప్పుడు పోవాలో, ఎప్పుడు మానాలో, తగవు వస్తే ఎవరిది తప్పో వాళ్ళే తేలుస్తారు. అక్కడి పెద్ద కాపు పోలయ్య. అరవై ఏళ్ళ మనిషి, ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడేవాడు కాదు.

శిబిరంలో మొదట కూర్చున్నది ఆయనే. పై వరుసలో ముందు పన్ను అంచున చిన్న గాడి ఉంది. వలలు బాగుచేసేవాళ్ళలో చాలామందికి అది ఉంటుంది. నైలాన్ దారాన్ని అక్కడే పెట్టి కొరికి తెంపుతారు, ఏళ్ళ తరబడి కొరకగా పన్ను అరిగి గాడి పడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా క్లినిక్‌కు పిలిపించి ఆ గాడిని పంటి రంగు సిమెంటుతో పూడ్చేశాను. చాలా నాజూకైన పని. ముందు, తర్వాత అని రెండు ఫొటోలు తీసి మురళి పెద్ద ఫ్లెక్సీ కొట్టించాడు. పోలయ్య నవ్వు ఆ ఊరి బస్టాండులో వేలాడింది.

ఆ ఫ్లెక్సీ చూసి జనం వచ్చారు. మురళి ఆటోలు మాట్లాడి ఎనిమిదేసి మందిని తెచ్చేవాడు. చాలా రోజుల తర్వాత నా బెంచీలు నిండాయి.

అలా ఒక ఆటోలో వచ్చింది చెంచమ్మ. యాభై ఏళ్ళుంటాయి. ఒడ్డున చేపలు వేలంలో పాడుకుని, బోగోలు దాకా తెచ్చి బస్టాపు దగ్గర అమ్ముతుంది. ఆమె వచ్చిందని లోపలి గదిలో ఉన్న నాకు గొంతును బట్టే తెలిసింది.

"ఏం సార్, ఇంకా ఎంతసేపు? కానాగంత చేపలు ఎండకి మాడిపోతా ఉండాయి ఆడ!"

అలాంటి గొంతు నేను మళ్ళీ వినలేదు. బస్టాపులో ఆమె ఒక్క కేక వేస్తే కదలబోతున్న బస్సులో నుంచి కూడా జనం దిగి చేపలు కొనుక్కుని ఎక్కేవాళ్ళట. ఆమె ఇల్లు నడిచేది ఆ కేక మీదే. మొగుడు సముద్రంలో పోయి చాలా ఏళ్ళయింది.

కింది దవడలో ఒక పన్ను విరిగి మొనదేలి ఉంది. దానికి ఎదురుగా నాలుక కుడి అంచున పుండు. నెల రోజులుగా ఉందని చెప్పింది. విరిగిన పన్ను గీరుకుని పుండు పడిందని అనుకున్నాను. మామూలుగా జరిగేదే. పన్ను మొనను అరగదీసి నున్నగా చేశాను. వేలితో తడమలేదు. బయట ఆరుగురు ఎదురుచూస్తున్నారు, వాళ్ళను తీసుకెళ్ళాల్సిన ఆటోవాడు తొందరపెడుతున్నాడు. "రెండు వారాలకు రామ్మా" అన్నాను, ఆమె ముఖం చూడకుండా, చేతులు కడుక్కుంటూ.

ఆమె లేవలేదు.

"సార్, మా అమ్మ నోట్లో పుండుతోనే పోయింది. ఇది అట్టాంటిది కాదు గదా?"

అదే గదిలో స్టూలు మీద పోలయ్య కూర్చుని ఉన్నాడు. ఊరివాళ్ళతో పాటు మర్యాదకు వచ్చాడు. నేను ఆయన వైపు చూసి నవ్వి, ఆమెతో అన్నాను.

"ఏం లేదమ్మా. అనవసరంగా భయపడి నలుగురినీ భయపెట్టొద్దు."

పోలయ్య తల ఊపాడు. "డాక్టర్ గారు చెప్పినాక ఇంకేంది మే, లెయ్," అన్నాడు. ఆమె లేచింది.

మంచి వార్త

రెండు వారాలకు చెంచమ్మ రాలేదు. నేను కబురు పెట్టలేదు. రాని పేషంట్ బాగైన పేషంట్ అని మా వృత్తిలో అందరూ అనుకుంటారు. అంత హాయిగా ఉండే అబద్ధం మరొకటి లేదు.

నెలలు గడిచాయి. ఆ ఊరి నుంచి కొత్తవాళ్ళు వస్తూనే ఉన్నారు. కట్టుడు పళ్ళు పెట్టించుకున్నారు, క్యాపులు వేయించుకున్నారు. ఒక్క ఫిర్యాదు లేదు. గూగుల్‌లో ఐదు నక్షత్రాలు, అన్నీ అదే ఊరి పిల్లకాయలు ఫోన్‌లలో పెట్టినవి. కట్టుడు పళ్ళు పెట్టుకున్న వాళ్ళలో సగం మంది మొదటి నెలలోనే తిరిగొచ్చి ఇక్కడ గుచ్చుకుంటోంది, అక్కడ ఒరుసుకుంటోంది అనాలి. నా చేతి పని అంత గొప్పదేమీ కాదు. అప్పుడే నాకు అనుమానం రావాలి. దాని బదులు గర్వం వచ్చింది.

ఒకరోజు కావలిలోనే మరో డెంటిస్టు ఫోన్ చేశాడు. నాకంటే చిన్నవాడు, కాస్త పోటీ ఉన్నా ఎదురుపడితే మంచిగానే మాట్లాడుకునేవాళ్ళం.

"ఏంది గురువు గారూ, ఆ ఊళ్ళో మీ పేరున దురాయి వేయించినారంట? నా పాత పేషంట్ ఒకామె రోడ్డు మీద కనపడి, మీ దగ్గరికొస్తే తప్పు వేస్తారు సార్ అంటా ఉంది."

దురాయి అంటే ఊరి పెద్దలు వేసే కట్టు. ఫలానా పని చేయకూడదని దురాయి వేస్తే ఊరంతా దానికి లోబడాలి. మీరితే తప్పు, అంటే జరిమానా, కట్టించుకుంటారు, మాటలు మానేస్తారు. పోలీసు కేసుకు భయపడనివాళ్ళు కూడా దురాయికి భయపడతారు.

మురళిని పిలిచి అడిగాను. సంతోషంగా ఒప్పుకున్నాడు.

"అవును సార్. పోలయ్య గారి దగ్గర కూర్చుని చెప్పినా. ఊళ్ళోకి దొంగ డాక్టర్లు వస్తా ఉండారు, ఆ మధ్య ఒకడు సంతలో కూర్చుని పళ్ళు కట్టి నలుగురి చిగుళ్ళు పాడుచేసి పోయినాడు గదా, ఊరికి ఒక డాక్టరు ఉంటే మంచిది అని. పంటికైనా నోటికైనా ఏమొచ్చినా మీ కాడికే పోవాలని మైకులో చెప్పించినారు. మన మైకులోనే."

ఆ మాట విన్నప్పుడు నాకు మొదట కలిగింది కోపం కాదు, సంతోషం. ఊరంతా నాదే అన్న సంతోషం. ఆ రోజంతా అది ఉంది. మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటుంటే ఆ సంతోషం మీద అనుమానం వచ్చింది. వేరే డాక్టర్ దగ్గరికి పోకూడదు, సరే. మరి నా దగ్గరికి తిరిగి వచ్చి "మీరు చేసింది బాగాలేదు" అని ఎవరంటారు? పెద్దలు కట్టు వేసి ఎంచిన డాక్టర్‌ను తప్పు పడితే పెద్దలను తప్పు పట్టినట్టే కదా. నాకు ఫిర్యాదులు రాకపోవడానికి కారణం అర్థమయ్యేసరికి, రెండు వారాలకు రమ్మంటే రాని మనిషి ఒకరు గుర్తుకొచ్చారు. నోట్లో నురగ అలాగే ఉండిపోయింది.

వేళ్ళు చూపించిన చెంచమ్మ

ఆ ఉదయమే బోగోలు పోయాను. బస్టాపు దగ్గర చేపలమ్మేవాళ్ళు ఐదారుగురున్నారు. గొంతులు వినిపిస్తున్నాయి గానీ నేను వెతుకుతున్న గొంతు లేదు. వెళ్ళిపోదామనుకుంటుండగా గంప ముందు కూర్చుని ఉన్న చెంచమ్మ కనబడింది. బాగా చిక్కిపోయింది. ఎవరో వచ్చి ఎండు కానాగంతలు ఎట్టా అని అడిగితే, మాట్లాడకుండా వేళ్ళు చూపించింది. వాళ్ళు బేరమాడితే మళ్ళీ వేళ్ళు చూపించింది. వాళ్ళు పక్క గంప దగ్గరికి పోయారు.

వెళ్ళి ఆమెను లేపాను.

పక్కనున్న టీ అంగడి వెనక్కి తీసుకుపోయి, ఫోన్ లైటు వేసి చూశాను. చేతులు కడుక్కుని, కర్చీఫ్‌తో నాలుక పట్టుకుని, వేలితో తడిమాను. పుండు పెద్దదయింది. అంచు చుట్టూ గట్టిగా, ఎత్తుగా తగిలింది. మెడ పక్కన కూడా ఒక గడ్డ చేతికి తగిలింది. ఇంకేం కావాలి.

"మళ్ళీ ఎందుకు రాలేదమ్మా?"

మాట కష్టంగా వచ్చింది ఆమెకు. "ఏం లేదన్నారు గదా సార్ మీరు. కాపు ముందరే చెప్పినారు. మళ్ళా వస్తే నన్నేమంటారు?"

"వేరేవాళ్ళ దగ్గరికైనా పోవాల్సింది."

"దురాయి ఉండాది గదా."

నెల్లూరులో నాకు తెలిసిన పెద్ద డాక్టర్ ఉన్నాడు, నేనే చీటీ రాసిస్తాను, నేనే కారులో తీసుకుపోతాను, ఈరోజే పోదాం అన్నాను. చెంచమ్మ నా వైపు అనుమానంగా చూసింది. ముప్పై ఏళ్ళుగా పేషంట్లను నేను చూసిన చూపు అది, ఇప్పుడు నా మీదికి తిరిగింది.

"మీరు పంపేవోడు మీ మనిషే గదా సార్," అంది. "మీరేం చెప్తే అదే అంటాడు. నాకు ఇష్టమొచ్చిన కాడికి నేను పోతా. ముందు దురాయి ఎత్తించండి."

ఆమెను తిట్టాలనిపించింది. ఇంత ప్రమాదంలో ఉండి ఇదేం పట్టుదల అనిపించింది. వాళ్ళ ఊరికి కారులో పోతూ దారి పొడవునా ఆలోచిస్తే, ఆమె అన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా తప్పు కనబడలేదు.

మైకు ముందు

అవి వేట నిషేధం రోజులు. మగవాళ్ళంతా ఊళ్ళోనే ఉన్నారు, తుఫాను షెల్టర్ నీడలో వలలు బాగుచేసుకుంటున్నారు. పోలయ్య నా మాట విని, మధ్యాహ్నానికి అందరినీ అక్కడికే పిలిపించాడు. మురళి కూడా వచ్చాడు. వస్తూ వస్తూ ఒక కాగితం రాసుకొచ్చి నా చేతిలో పెట్టాడు.

"డాక్టర్ గారికి పని ఒత్తిడి ఎక్కువైనందున, ఊరి ప్రజలు ఇకపై తమకు వీలైన చోట వైద్యం చేయించుకోవచ్చు" అని ఉంది అందులో. చాలా తెలివైన మాట. దురాయి పోతుంది, నా పరువు మిగులుతుంది, పోలయ్య మాట కూడా తప్పు కాదు.

"ఇట్టా చెప్తే ఎవురికీ నొప్పి ఉండదు," అన్నాడు పోలయ్య.

ఆ కాగితం పట్టుకుని మైకు దాకా నడిచాను. చదువుదామనే అనుకున్నాను, అబద్ధం చెప్పను. ఆడవాళ్ళ వరుసలో చివర చెంచమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ కాగితం చదివితే ఆమె రేపు ఆసుపత్రికి పోగలదు. కానీ ఇంకెంతమంది నోళ్ళలో నేను చూడనివి ఉన్నాయో నాకు తెలియదు. డాక్టర్ గారికి పని ఎక్కువైందని వింటే వాళ్ళలో ఎవరూ నోరు తెరవరు. కాగితం జేబులో పెట్టుకున్నాను.

"చెంచమ్మ నాలుక మీద పుండు చూసి ఏమీ లేదని చెప్పాను. సరిగ్గా చూడకుండా చెప్పాను. అది పెద్ద జబ్బు. ఆమె అడిగింది, నేను నోరు మూయించాను. తప్పు నాది," అన్నాను. "నా దగ్గరే చూపించుకోవాలన్న దురాయి తీసేయండి. నేను చేసిన పని బాగాలేనివాళ్ళు ఎవరి దగ్గరికైనా పొండి, లేదా ఇప్పుడే నా ముఖం మీద చెప్పండి."

మైకులో నా గొంతు నాకే వింతగా ఉంది. మురళి ఎప్పుడు వెళ్ళిపోయాడో తెలియదు, మళ్ళీ నాకు కనబడలేదు.

పోలయ్య లేచి, దురాయి ఎత్తేసినట్టు చెప్పాడు. రెండే మాటల్లో చెప్పాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, పై పెదవిని వేలితో ఎత్తి చూపించాడు. ముందు పంట్లో గాడి అలాగే ఉంది.

"మూడో రోజే ఆకురాయి పెట్టి గీకేసినా సార్. అది లేకపోతే దారం తెగదు. మీరు అంత కష్టపడినారు, చెప్తే బాధపడతారని చెప్పలా."

ఇన్ని నెలలూ ఆ పన్ను ఫొటో బస్టాండులో వేలాడుతోంది. ఆయన రోజూ దాని కిందుగా నడిచిపోతున్నాడు.

ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఒకామె నేను కట్టిన పళ్ళు ఉప్పు డబ్బాలో దాచి ఉంచినట్టు చెప్పింది, పెట్టుకుంటే అన్నం దిగదట. ఒకాయన ఊడిపోయిన క్యాపును అగ్గిపెట్టెలో తెచ్చాడు. ఇంకొకాయన బుగ్గ లోపల తెల్లటి మచ్చ చూపించాడు. నాకు చూపించడానికి భయపడి మూడు నెలలుగా పసుపు రాసుకుంటున్నాడు. సాయంత్రం దాకా కూర్చుని, అందరి నోళ్ళలోనూ వేలు పెట్టి తడిమి చూశాను. తెల్ల మచ్చ ఉన్నాయనను పరీక్షకు పంపించాను. అది అదృష్టం కొద్దీ చెడ్డది కాలేదు.

పిల్లలకు చెప్పేది

ప్రచారం చేయొద్దని నేను చెప్పను. కరెంటు బిల్లు కట్టాలి, కుర్చీ అప్పు తీర్చాలి, బోర్డు లేకపోతే ఎవరొస్తారు. ఫ్లెక్సీ పెట్టుకోండి, శిబిరాలు పెట్టండి. కానీ నీ మీద జనానికి కలిగిన మొహమాటాన్ని నమ్మకం అనుకోకు. ఉచితంగా ఏదైనా ఇచ్చావంటే, ఆ మనిషి నీ పనిని తిట్టే హక్కును నువ్వు కొనేసుకున్నట్టే. ఆ హక్కు వాళ్ళకు వెంటనే తిరిగిచ్చెయ్యి. రెండు వారాలకు రమ్మన్నవాళ్ళు రాకపోతే నువ్వే ఫోన్ చెయ్యి, ఫోన్ ఎత్తకపోతే మనిషిని పంపు. నిన్ను పొగిడేవాళ్ళను అనుమానించు. అందరూ పొగుడుతుంటే ఇంకా ఎక్కువగా అనుమానించు. నీ చేతులు కడుక్కునేటప్పుడు నువ్వు పేషంట్‌కు ఇచ్చే ధైర్యాన్ని అన్నిటికంటే ఎక్కువగా అనుమానించు. ఆ ధైర్యం ఆమె కోసం కాదు, తర్వాతి పేషంట్‌ను లోపలికి పిలవడం కోసం.

చెంచమ్మ దురాయి ఎత్తిన మర్నాడే నెల్లూరు పెద్దాసుపత్రికి పోయింది, నాకు చెప్పకుండా. అక్కడి నుంచి చెన్నైకి పంపారు. నాలుక కుడివైపు మూడో వంతు తీసేశారు, మెడలో గడ్డలు తీశారు, కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్ ఇచ్చారు. నేను వెళ్ళి ఆపరేషన్ చేసిన డాక్టర్‌ను కలిశాను. మొదట్లోనే వచ్చి ఉంటే కోత చాలా చిన్నదయ్యేదని చెప్పాడు. నేను ఎవరో ఆయనకు చెప్పాను.

ఆమె బతికింది. ఏడాది తర్వాత మళ్ళీ గంప ఎత్తుకుంది. పక్కన చెల్లెలి కూతుర్ని కూర్చోబెట్టుకుని కేకలు ఆ పిల్లచేత వేయిస్తుంది, బేరం మాత్రం తనే చేస్తుంది. మాట ముద్దగా వస్తుంది. అలవాటైనవాళ్ళకు అర్థమవుతుంది, కొత్తవాళ్ళు రెండోసారి అడుగుతారు.

కిందటి నెల అటువైపు పోతూ ఆగాను. ఆమె నన్ను గుర్తుపట్టింది. కరెంటు పెట్టిన తర్వాత పళ్ళు త్వరగా పాడవుతాయి, జాగ్రత్తగా చూపించుకుంటూ ఉండాలి. ఆ సంగతి చెప్పి, నేను క్లినిక్ మూసేసినా ఆమెకు మాత్రం ఇంట్లోనే ఎప్పుడైనా చూస్తానని, పైసా ఇవ్వక్కర్లేదని అన్నాను.

ఆమె కావలిలో, దురాయి సంగతి నాకు ఫోన్ చేసి చెప్పిన ఆ చిన్న డాక్టర్ పేరు చెప్పింది. మూడు నెలలకోసారి ఆయన దగ్గరికి పోతున్నానంది. తర్వాత గంపలో చేపలు సర్దుతూ, నా ముఖం వైపు చూసి అంది.

"మీ మీద కోపం లేదు సార్. నమ్మకం లేదు."

ఉన్న నాలుకతో ఎంతో కష్టపడి అన్న మాట అది. నేను రెండోసారి అడగలేదు.